రోలరు చుట్టూ నడిచిన తాత

నా చిన్నప్పుడు, నిజాం పాలన రోజుల్లో, బాన్సువాడ నుంచి నస్రుల్లాబాద్ వైపు కంకర రోడ్డు వేశారు. మా అమ్మ, పక్కింటి అక్క ఆ పనికి పోయేవారు. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక అమ్మ నన్నూ వెంట తీసుకుపోయేది. అక్కకు పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పొగ వదులుతూ ముందుకూ వెనక్కూ తిరిగే రోలరు చక్రాలకు మట్టి అంటుకోకుండా నీళ్లు చల్లడం ఆమె పని. దాన్ని నడిపేది ఒక ముసలాయన. తాతా అని పిలిచేదాన్ని. తన జొన్నరొట్టె తుంచి నాకు పెట్టేవాడు.

ఆ రోజు అక్క చేతిలోంచి కుండ జారింది. దాన్ని తీసుకుందామని వెనక చక్రం పక్కన వంగింది. తాతకు అది కనబడలేదు. రోలరును వెనక్కు నడిపాడు. అక్క అరుపు ఇంజను మోతలో కలిసిపోయింది. మా అమ్మ చేతులూపుతూ ఆయన కంటపడేలా పరిగెత్తాకే అది ఆగింది. అప్పటికే అక్క కుడి పాదం చక్రం కింద ఉంది.

అంతమందిమి ఉన్నాం. పలుగులున్నాయి, పారలున్నాయి. ఆ బరువును ఇంచైనా ఎత్తగలిగినవాళ్లు లేరు. పాదం బయటికి రావాలంటే ఆ చక్రమే మళ్లీ కదలాలి. తాత చెయ్యి మీట దాకా పోయి ఆగిపోతోంది. చివరికి అక్కే అంది, "నడుపు తాతా... నీ కాళ్లు మొక్కుత, నడుపు." అమ్మ ఆమె ముఖాన్ని కడుపుకు అదుముకుంది. నా కళ్లు మూయడానికి ఎవరికీ తీరిక లేదు. నేను చూశాను.

ఎడ్లబండిలో దవాఖానకు తీసుకుపోయారు. పాదం దక్కలేదు. పని చేయించినవాళ్లెవరూ మళ్లీ అటు తొంగిచూడలేదు. తాత మాత్రం వచ్చి అక్క ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. "ఒక్కపారి దిగి సూసుంటే ఇట్ల కాకపోవు బిడ్డా" అన్నాడు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బీడీలు చుడుతూ బతికింది.

ప్రమాదం జరిగిన మర్నాటి నుంచి తాత, రోలరు కదిలించే ముందు ప్రతిసారీ దిగేవాడు. నొప్పి మోకాళ్లతో చుట్టూ నడిచి, చక్రాల కిందికి వంగి చూసి, "ఎవలన్న ఉన్నరా బిడ్డా?" అని కేకేసేవాడు. పని సాగడం లేదని మేస్త్రీ తిట్టేవాడు. తాత అయినా దిగేవాడు. ఎంత చూసినా అక్క పాదం తిరిగి రాదని ఆయనకూ తెలుసు.

ఇప్పుడు మా మనవడు ట్రాక్టరు తీసే ముందు, నేను కర్ర పట్టుకుని దాని చుట్టూ తిరుగుతాను. "ఎవ్వరు లేరు నానమ్మా, ఇగ జరుగు" అని విసుక్కుంటాడు. లేరని నాకూ తెలుసు. అయినా వంగి చూస్తాను.