వెనక సీటు కింద

సోమ్లీ గొంతు తండాలో చాలామంది విననేలేదు. నెల్లికుదురు దగ్గరి ఆ తండాకు కోడలై వచ్చి ఏడేళ్లయింది. ఎనిమిదో తరగతిలో హాస్టల్ నుంచి ఇంటికి పిలిపించాక మళ్లీ బడి ముఖం చూడలేదు. మాట్లాడదు గానీ అన్నీ గమనిస్తుంది. మబ్బు పట్టకముందే బయట ఆరేసిన మిరపకాయలు ఎత్తేది ఆమే.

ఆ వాసన కూడా మొదట ఆమెకే తెలిసింది. భర్త గోపాల్ హన్మకొండలో రాజేందర్ అనే బడిపంతులు దగ్గర పాత వ్యాన్ కొన్నాడు. వారం తిరగకుండానే వెనక సీట్లో కూర్చున్న సోమ్లీకి పెట్రోల్ వాసన కొట్టింది.

"నీకు బండి పడదే. బస్సెక్కినా కక్కుతవ్ గద," అని గోపాల్ నవ్వాడు. ముందు కూర్చునే మనిషికి కిటికీ గాలి తప్ప ఇంకేమీ తెలియదు.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోనే నిలిచిపోయాయి. ఆ రోజుల్లోనే రాజేందర్ సారు ఫోన్ చేశాడు.

"కాగితాలు ఇంకా నా పేరు మీదనే ఉన్నయ్ గద గోపాల్, కంపెనీ ఉత్తరం నాకొచ్చింది. ఎనుక సీటు కింద, ట్యాంకి కాడి పైపు నాసిరకందంట, కారుతదంట. ఆ బండి తయారైన ఏడు చేసిన బండ్లన్నిటికి పైస తీస్కోకుండ ఫుకట్ల మారుస్తరంట. షోరూంకు తీస్కపో."

గోపాల్ ఆ మాట ఇంట్లో చెప్పాడు గానీ సోమ్లీ వంక చూడలేదు. తండ్రి మాన్‌సింగ్ మాత్రం పకపకా నవ్వాడు.

"ఫుకట్ల ఎవడు జేస్తడ్రా? కంపెనోడు వాపస్ పిలిచిండంటె గుంజుకునెటందుకే. కాగితం మీద పేరు గూడ మనది కాకపాయె. ఆడ ఇడిసినవంటె ఇగ బండి రాదు."

అయినా షోరూం ఉన్న వరంగల్ దారిన పోక తప్పదు. గోపాల్ తల్లి చంద్రికి కిడ్నీలు పాడై ఆరు నెలలైంది. మంగళవారం, శుక్రవారం వరంగల్ పెద్ద దవాఖానలో రక్తం శుద్ధి చేయించాలి. ఒక్కసారి తప్పిందా, ఒళ్లంతా నీరు పట్టి ఊపిరి ఆడదు. ఆటోలు కూడా సమ్మెలోనే ఉన్నాయి. వారం వారం తీసుకుపోవడానికి అంబులెన్సు రాదు. ఇక మిగిలింది ఈ వ్యానే.

షోరూంలో కుర్చీలో ఉన్నతను సారు రాసిచ్చిన చీటీ చూసి, ఫిర్యాదు రాసుకున్నాడు.

"సామాన్ రాలే అన్నా. లారీలు బందున్నయ్. సమ్మె అయినంక రాండ్రి."

"గప్పటిదాంక?"

"బండి నడపకుండ్రి."

"మా యాడికి, అమ్మకు, మల్ల శుక్రవారం దవాఖాన ఉన్నది గదనే!"

"నేనేం జేతు? కాగితంల గట్లనే రాసి పంపిన్రు. రేపు అగ్గి అంటుకుంటె, చెప్పలేదనకుండ్రి."

తిరిగి వస్తూ తొర్రూరులో మెకానిక్ జావేద్ దగ్గర ఆగారు. అతను సీటు ఎత్తి, కారుతున్న చోట బట్టల సబ్బు మెత్తగా పిసికి రుద్దాడు. "చెల్లె, గిది ఇలాజ్ కాదు. జర ఆగుతది అంతే. గుంతల పడ్డదంటె ఊడిపోతది," అన్నాడు. అప్పటినుంచి బయల్దేరే ముందు సీటెత్తి సబ్బు రుద్దడం సోమ్లీ పనైంది. తర్వాత ఆ సీటు మీదే కూర్చుని అత్త తల ఒళ్లో పెట్టుకునేది.

ఒక మంగళవారం తొర్రూరు దాటాక రాస్తారోకో. ముందు టైర్లు తగలబడుతున్నాయి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. కండువా వేసుకున్న ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏం నాయక్, తెలంగాణ నీకొద్దా?"

"కావాలన్నా. మా యాడి గూడ కావాలె," అన్నాడు గోపాల్.

ఆయన వెనక సీట్లోకి తొంగి చూసి నవ్వడం మానేశాడు. "దా, మావోళ్లను అడుగుదాం," అని గోపాల్‌ను వెంట తీసుకుపోయాడు.

బండి ఆగాక గాలి లేదు. వాసన గుప్పుమంది. దారిలో గుంతలు తక్కువేమీ లేవు. సోమ్లీ అటు ఇటు అద్దాలు జరిపింది. ముందు సీట్లో మాన్‌సింగ్ జేబులోంచి బీడీ తీశాడు.

మామ ఎదుట కోడలు నోరెత్తదు. ముఖం మీదికి కొంగు లాక్కుంటుంది. చెప్పాల్సింది ఉంటే అత్తతోనో భర్తతోనో చెప్పిస్తుంది. ఏడేళ్లలో సోమ్లీ ఒక్కసారీ అది తప్పలేదు.

ఆమె దగ్గింది. గాజులు గలగలలాడించింది. కోడలు బండి దిగాలనుకుంటోందేమోనని మాన్‌సింగ్ మర్యాదగా తల అటు తిప్పుకున్నాడు. మంచి మామలు అట్లాగే చేస్తారు.

"అత్తా, లే. మామకు చెప్పు," అని చంద్రి బుగ్గలు తట్టింది. చంద్రి కళ్లు తెరవలేదు. మత్తులో ఏదో గొణిగింది.

మొదటి అగ్గిపుల్ల అంటుకోలేదు. ఆయన రెండోది తీశాడు.

"మామా! ముట్టియ్యకు!"

అరుపు ఎంత పెద్దగా వచ్చిందంటే పొయ్యిల దగ్గరివాళ్లు కూడా ఇటు చూశారు. మాన్‌సింగ్ చేతిలో పుల్ల అట్లాగే నిలిచిపోయింది. ఆయన వెనక్కి తిరగలేదు. బీడీ, అగ్గిపెట్టె జేబులో వేసుకుని, తలుపు తీసుకుని దిగి, సమ్మెవాళ్ల దాకా నడిచి నేల మీద కూర్చున్నాడు.

గోపాల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఇడుస్తున్రు, జల్ది! బాపు ఏడి?"

పిలవడానికి పోయి ఒక్కడే వచ్చాడు. "మీరు పోండ్రి అంటుండు. ఏమన్నవే ఆయనను?"

"ముట్టియ్యకు అన్న."

"గంతేనా?"

"గంతే."

గోపాల్ బండి కదిలించాడు. టైర్ల పొగ పక్కగా, మడుల వైపు ఒరిగి పోనిచ్చాడు. వరంగల్ దాకా సోమ్లీ చెయ్యి చంద్రి ఛాతీ మీద పెట్టి, ఊపిరి పైకీ కిందికీ పోతుంటే చూస్తూ కూర్చుంది.

నాలుగు గంటల తర్వాత చంద్రి కళ్లు తెరిచి నీళ్లడిగింది. నర్సు ఒక గుక్క మాత్రమే పట్టించి, సోమ్లీ చేతికి చీటీ ఇచ్చింది.

"శుక్రవారం పొద్దున ఎనిమిదింటికల్ల ఈడ ఉండాలె. బస్సుల్లేవు, బండి లేదు అనొద్దు."

సోమ్లీ చీటీ మడిచింది. సమ్మె ఎప్పుడు ముగుస్తుందో నర్సుకు తెలియదు, గోపాల్‌కు తెలియదు, ఎవరికీ తెలియదు.

"వస్తం," అంది.