మంచి పక్క కిందికి

శనివారం బడి వదలగానే హిందూపురంలో రైలెక్కుతాను. పెనుకొండ దాటేలోపు ఓ కునుకు తీసి, ధర్మవరంలో దిగి, నాయనకు వారానికి సరిపడా మాత్రలు సర్దిపెట్టి, ఆదివారం తిరిగొస్తాను. మూడు నెలలుగా ఇదే. విసుగు లేదంటే అబద్ధం.

నాయన నేతగాడు. పాత క్షయతో కుడి ఊపిరితిత్తి సగానికి సగం పాడైంది. ఆయన మంచం గుంతమగ్గానికి పడమటి వైపు, తల దక్షిణానికి. కుడిపక్కకు తిరిగితే ఎదురుగా మగ్గం, దానిమీద సగం నేసిన పట్టుచీర. అలాగే పడుకునేవాడు. బాగున్న ఎడమది పైనుంటే దానికి గాలి బాగా ఆడుతుందని అమ్మ నమ్మకం. పిల్లలకు సైన్సు చెప్పే నేనూ తలూపాను. పడుకుంటే చాలు, ఆయాసం.

డాక్టరు మా తెలివి ఏపాటిదో తేల్చేశాడు. పీల్చిన గాలి అంతటా సమానంగా పోదట. పక్కకు పడుకుంటే పైనున్న ఊపిరితిత్తి అప్పటికే ఉబ్బి ఉంటుంది, ఇంకా సాగడానికి చోటు తక్కువ. కిందది అణిగి ఉంటుంది కాబట్టి ఎక్కువ తెరుచుకుంటుంది, గాలి ఎక్కువ తీసుకుంటుంది. రక్తమూ అటే ఎక్కువ. అంటే ఇన్నాళ్లూ మేము గాలిని చెడిపోయిన పక్కకే పంపుతున్నాం. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఎడంపక్కకు తిరుగు నాయనా."

"మగ్గానికి ఈపు పెట్టి పండుకోమంటాండావా? చీర ఆడ సగంలో ఉండాది."

"పోనీ, తల ఉత్తరానికి పెట్టుకో. అప్పుడు ఎడంపక్కకు తిరిగినా మగ్గం కనపడతాది."

అమ్మ ఇంతెత్తున లేచింది. "ఉత్తరానికి తల పెట్టేదేందే! సదువుకున్నావని నోటికొచ్చింది మాట్లాడతావా?"

నాకు ఒళ్లు మండింది. ఊపిరికన్నా చీర ఎక్కువా అని అరిచాను. నాయన మగ్గం వైపు చూస్తూ దగ్గాడు.

పై శనివారం వెళ్లేసరికి ఆయన గోడవైపు తిరిగి, ఎడమపక్క మీద నిద్రపోతున్నాడు. ఆయాసం లేదు. మగ్గం మీద చీరా లేదు. పక్కవీధి నేతగాణ్ణి పిలిపించి, మిగతాది నువ్వు నేసుకోమని దారాలతో సహా విప్పి ఇచ్చేశాడని అమ్మ చెప్పింది.

లేచాక నన్ను చూసి నవ్వాడు. "గాలి బాగా ఆడతాండాదమ్మా. నువ్వు చెప్పిందే నిజం. ఇంగ వారం వారం రైలెక్కి రావద్దులే, అలిసిపోతాండావు."

ఆ మాట కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు. తీరా విన్నాక, ఖాళీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, ఆయనకు వినపడకుండా ఏడ్చాను.