మావి మీద తెల్ల మచ్చలు

చేపల మార్కెట్‌లో ఇరవై రెండేళ్లు కత్తి పట్టిన మనిషి ఆమె. అందుకే అందరూ కత్తక్క అనేవారు. మాట కూడా కత్తేనని ఎదురు బల్లవాళ్లు నవ్వేవారు గానీ, నిజానికి ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చేప పొట్ట చీల్చి, వేలితో కార్జం పైకెత్తి చూసి, నచ్చకపోతే "ఇది వద్దులే, ఇంకోటి తీసుకో" అనేది. ఎందుకని అడిగితే చెప్పేది కాదు. కొనేవాళ్లు అడగడం మానేశారు. కత్తక్క వద్దందంటే వద్దంతే.

ఒకరోజు పొద్దున్నే ఒకావిడ బల్ల ముందు నిలబడి, చేప కొనకుండా అరగంట సేపు ఆమె చేతులే చూసింది. ఆవిడ పశువుల డాక్టరు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్లు, తాబేళ్లు, సముద్రపక్షులు ఏ జబ్బుతో చచ్చిపోయాయో కోసి చూసే చిన్న పరిశోధనశాల నడుపుతోంది.

"కొంటారా, చూసి పోతారా?" అంది కత్తక్క.

"నా దగ్గర పనికి వస్తావా అక్కా?"

"ఎన్ని కిలోలు కొయ్యాలేంటి?"

"రోజూ ఉండదు. ఉన్న రోజు మాత్రం ఒక్కటే రెండొందల కిలోలు."

పాత మార్కెట్ షెడ్డు కూలగొడతారని అప్పటికే గట్టిగా అనుకుంటున్నారు. కత్తక్క నెల తిరక్కుండా డాక్టరమ్మ దగ్గర చేరిపోయింది.

అది తెల్ల పలకల గది. మధ్యలో స్టీలు బల్ల, దాని కిందుగా నేలలో కాలువ, గోడకు చుట్టిపెట్టిన నీళ్ల గొట్టం, పైన బరువులెత్తే గొలుసు. మూల అలమరలో వరసగా మందునీళ్ల సీసాలు. ఆ ఘాటుకు మొదటి వారం కళ్లు మండాయి. మొదటి డాల్ఫిన్‌ను బల్ల మీదికి ఎక్కించినప్పుడు ఆమె దాన్ని అటూ ఇటూ చూసింది.

"దీన్ని ఎవరు తింటారు?"

"ఎవరూ తినరు."

"మరి కొయ్యడం దేనికి?"

"ఎందుకు చచ్చిపోయిందో తెలుసుకోవడానికి."

"చచ్చాక తెలిసి దీనికేం లాభం?"

"దీనికేం లేదక్కా. వెనక ఉన్నవాటికి" అంది డాక్టరమ్మ, చేతులకు తొడుగులు వేసుకుంటూ.

పదేళ్లు గడిచాయి. కొవ్వు మందం కొలవడం, ఏ అవయవం తర్వాత ఏది తీయాలో, ఏ ముక్క ఏ సీసాలో పడాలో, చీటీ మీద ఏం రాయాలో అన్నీ ఆమెకు చేతికి వచ్చేశాయి. డాక్టరమ్మకు చదువుంది, కత్తక్కకు కన్నుంది. ఊపిరితిత్తిలో పురుగు ఎక్కడ దాక్కుంటుందో ఆమె వేలే ముందు పట్టేది.

ఇంట్లో మాత్రం ఆమెకు ఎప్పుడూ ఒక బరువుండేది. ఆమె భర్త పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. పెళ్లయిన మూడో ఏట ఆమె నిండు నెలల్లో ఉండగా కడుపులో బిడ్డ కదలడం ఆగిపోయింది. ఆడపిల్ల. తల్లికి చూపించకుండానే తీసుకెళ్లారు. చూస్తే మర్చిపోవడం కష్టమని ఎవరో పెద్దమనిషి అన్నారట. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు అత్త గుమ్మంలో నిలబడి, "ఒట్టి మనిషివి కాదు, చేపల బుట్ట ఎత్తొద్దే అంటే విన్నావా?" అంది. అంతే. మళ్లీ అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. కానీ ఆ మాట ఇంట్లోంచి బయటికి పోలేదు. ఏదైనా చేజారి పగిలినా, కూర మాడినా, "నీకు చెప్తే వినబుద్ధి కాదుగా" అనేది అత్త. ఆ అనడంలో బుట్ట వినిపించేది కత్తక్కకి. ఆ తర్వాత ఆమెకు పిల్లలు పుట్టలేదు. భర్త అటు తల్లినీ ఏమనలేదు, ఇటు భార్యనూ ఏమనలేదు. ఇంజన్ల మధ్య ఉండిపోయాడు.

ఆ ఏడు వానలు విపరీతంగా పడ్డాయి. వానలు తగ్గాక డాల్ఫిన్లు వరసగా ఒడ్డుకు రావడం మొదలుపెట్టాయి. మొదట ఒకటి, తర్వాత రెండు. కొన్ని బతికుండగానే గుండ్రంగా తిరుగుతూ, దారి తెలియనట్టు ఇసక మీదికి వచ్చి పడ్డాయని పడవలవాళ్లు చెప్పారు. వల తగిలిన గాయాల్లేవు, పొట్టలో చెత్త లేదు. డాక్టరమ్మ ముఖం రోజురోజుకూ వాడిపోతోంది.

నాలుగోది చూలుతో ఉన్న తల్లి. కత్తక్క పొట్ట తెరిచి, గర్భసంచి మీద కత్తి ఆనించి, ఆగిపోయింది.

"నేను చెయ్యనా అక్కా?"

"వద్దు. నేనే."

లోపల పిల్ల నిండుగా ఎదిగి ఉంది. కడుపులో ముడుచుకుని ఉన్నందుకు పడే ముడతల గీతలు కూడా ఒంటి మీద సరిగ్గా ఏర్పడ్డాయి. దాన్ని రెండు చేతులతో ఎత్తి, తెల్లగుడ్డ పరిచిన ట్రేలో పడుకోబెట్టింది. బల్ల మీద ఎప్పుడూ అలా గుడ్డ పరిచింది లేదు. తర్వాత పిల్లను తల్లికి కలిపి ఉంచే మావిని కడిగి, దీపం కిందికి పట్టుకుని, కత్తక్క దగ్గరగా వంగి చూసింది.

"డాక్టరమ్మా, ఇలా రండి. ఇవి కొవ్వు చుక్కలు కాదు."

మావి మీద ఆవగింజలంత తెల్ల మచ్చలు, అక్కడక్కడా. వేలితో రుద్దితే పోవడం లేదు. డాక్టరమ్మ ముక్కలు తీసి, తల్లి మెదడు ముక్కలతో, పిల్ల మెదడు ముక్కలతో కలిపి పెద్ద పరీక్షశాలకు పంపింది.

సీసాలకు చీటీలు అంటిస్తూ కత్తక్క ఇంకో మాట అంది. "ఇవన్నీ పెద్ద వాన పడ్డ మూడు వారాలకే వస్తున్నాయి. కిందటేడాది వచ్చిన రెండూ అంతే. నాకెందుకు గుర్తంటే, రెండుసార్లూ మా ఇంటి ముందు కాలువ పొంగి, నీళ్లు దిగాక వారం పాటు బురద ఎత్తాను."

డాక్టరమ్మ పాత రిజిస్టర్లు తీసి వాన లెక్కల పక్కన పెట్టి చూసింది. ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. నోరు తిరగని పేరున్న ఒక పరాన్నజీవి. పిల్లుల పేగుల్లో పెరిగి, వాటి మలంతో బయటికి వచ్చి, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. వాన నీళ్లు దాన్ని కాలువల్లోకి, కాలువలు సముద్రంలోకి తోస్తాయి. డాల్ఫిన్ల మెదడులో అదే, పిల్లలో అదే, మావిలో అదే.

"మనుషులక్కూడా వస్తుందా?" అని అడిగింది కత్తక్క.

"చాలామందికి వస్తుంది, తెలియకుండానే పోతుంది. కానీ కడుపుతో ఉన్నప్పుడు మొదటిసారి సోకితే..." డాక్టరమ్మ కాగితం తిప్పింది. ఆమెకు కత్తక్క బిడ్డ సంగతి తెలియదు. కత్తక్క ఎవరికీ చెప్పలేదు.

"సోకితే?"

"బిడ్డ దక్కకపోవచ్చు."

కత్తక్క స్టూలు లాక్కుని కూర్చుంది. పదేళ్లలో ఆ గదిలో ఆమె కూర్చోవడం డాక్టరమ్మ చూడలేదు. అప్పుడు చెప్పింది. అత్త పెరట్లో ఎలకల కోసం ఆరేడు పిల్లుల్ని సాకిందనీ, ఎండుచేపలు ఆరబోసే ఆ పెరడు రోజూ తుడిచి, పిల్లుల మలం కలిసిన మన్ను ఎత్తిపోసింది తన ఒట్టి చేతులేననీ, కడుపుతో ఉన్నన్ని నెలలూ అదే పని అనీ. "నాకూ ఆ పరీక్ష చేయించండి."

రక్తంలో పాత జాడ ఉందని తేలింది. డాక్టరమ్మ కాగితం చేతికిస్తూ చెప్పాల్సిందంతా చెప్పింది. "ఎప్పుడో ఒకప్పుడు సోకిందని మాత్రమే దీనర్థం అక్కా. అప్పుడే సోకిందనీ, దాని వల్లే అయిందనీ చెప్పలేను. ఇరవై ఆరేళ్లయింది. ఎవరూ చెప్పలేరు."

"బుట్ట ఎత్తితే అవుతుందా?"

"నిండు నెలల బిడ్డ ఒక బుట్ట ఎత్తినంత మాత్రాన పోదక్కా. ఇది మాత్రం గట్టిగానే చెప్తాను."

ఆ మధ్యాహ్నం ఆమె సెలవు పెట్టి ఇంటికి నడిచింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. అత్తను గుమ్మంలో నిలబెట్టి, నీ పిల్లులే నా పిల్లను తినేశాయని అనాలి. ఇన్నేళ్ల మాటకు వడ్డీతో సహా ఇచ్చేయాలి.

అత్త వరండాలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. డెబ్బై ఆరేళ్లు. చూపు ఆనక తడిమి తడిమి పొట్టు తీస్తోంది.

"ఇదేంటే, ఇంత తొందరగా? పనిలోంచి తీసేశారా?"

కత్తక్క పేర్చుకున్న మాటలేవీ రాలేదు. ఎదురుగా నేల మీద కూర్చుంది. "అత్తా, ఆ రోజు బుట్ట ఎత్తడం వల్ల కాదంట. బిడ్డ దేనివల్లో పోయింది. ఏదో జబ్బు అయ్యుండొచ్చంట. నాకు ఒంట్లో ఉందని పరీక్షలో వచ్చింది."

"జబ్బా? ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అబద్ధం చెప్పొచ్చు. నీళ్లలోంచి అనొచ్చు. "మట్టిలోంచి రావచ్చు, సరిగ్గా ఉడకని మాంసంలోంచి రావచ్చు. పిల్లుల నుంచి కూడా వస్తుంది. ఏదో తెలీదు. తెలిసే దారి లేదు."

ముసలామె చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. "బుట్ట వల్ల కాదా?"

"కాదు."

"ఆ రోజు ఎత్తమన్నది నేనే కదే. లారీ వచ్చేస్తోందని. ఎత్తొద్దని నేనెప్పుడన్నాను?" ఆమె ఉల్లిపాయ పక్కన పెట్టేసింది. "ఎవరైనా నన్ను అంటారేమోనని ముందు నేనే నిన్ను అనేశాను. నువ్వు నోరు విప్పి ఒక్కసారైనా, నువ్వే కదా ఎత్తమన్నావ్ అంటావని చూశాను. ఎప్పుడూ అనలేదే! ఎన్నేళ్లు చూశానో."

కత్తక్కకు అది గుర్తే. రోజూ గుర్తే. అత్తకు గుర్తు లేదనుకుంది.

ఇద్దరూ ఏడ్చారు. ముసలామె తన కన్నీళ్లను ఉల్లిపాయల మీదికి నెట్టబోయింది గానీ కుదర్లేదు. భోజనానికి వచ్చిన భర్త మెట్ల దగ్గర ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ తుడుచుకుంటూ, భార్య వైపు చూడకుండా అన్నాడు. "ముక్కు నీదే. జుట్టు బాగా ఉంది, చెవుల మీదికి. కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టే ఉంది." ఇరవై ఆరేళ్లలో ఆ పిల్ల గురించి అతను మాట్లాడటం అదే మొదలు. కత్తక్క మళ్లీ చెప్పమంది. అతను మళ్లీ చెప్పాడు.

డాక్టరమ్మ నివేదిక మీద పురపాలక కార్యాలయంలో ఏడాదిన్నర వాదనలు నడిచాయి. చివరికి పెద్ద కాలువ సముద్రంలో కలిసేచోట, నీళ్లు నిలిచి వడకట్టుకుని వెళ్లేలా రెల్లు నాటిన మడుగు తవ్వించారు. వీధి పిల్లులకు ఆపరేషన్లు మొదలుపెట్టారు, సగంలో ఆపేశారు, మళ్లీ మొదలుపెట్టారు. అత్త పెరట్లో ఆ పాత పిల్లుల సంతతిలో మిగిలిన ముసలి పిల్లిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. దాని మన్ను కత్తక్క భర్తే తొడుగులు వేసుకుని ఎత్తిపోసేవాడు.

నెలకోసారి కత్తక్క ఆరోగ్యకేంద్రానికి వెళ్లి, పరీక్షలకు వచ్చిన గర్భిణుల ముందు నిలబడేది. మొదట్లో చెమటలు పట్టేవి. మన్ను ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోమని, మాంసం బాగా ఉడికించమని, పిల్లి మన్ను వేరేవాళ్ల చేత ఎత్తించమని చెప్పేది. ఒకసారి ఒక చిన్నపిల్ల లాంటి అమ్మాయి చెయ్యెత్తి, "మరి పిల్లిని వదిలెయ్యాలా అండీ? అది నా దగ్గరే పడుకుంటుంది" అంది. అందరూ నవ్వారు.

"వదలక్కర్లేదు. దాన్ని వీధుల్లో తిరగనివ్వకు, పచ్చి మాంసం పెట్టకు. మన్ను పని మీ ఆయనకు చెప్పు" అంది కత్తక్క. "ఇంకోటి. జాగ్రత్తగా ఉన్నా కూడా ఏదైనా జరిగితే, నీ తప్పని ఎవరన్నా అంటే, నా దగ్గరికి పంపు."

మడుగు తవ్విన మరుసటి ఏడు వానలకు రెండు డాల్ఫిన్లే ఒడ్డుకు వచ్చాయి. ఒకటి పడవ తగిలి పోయింది. రెండోది ఎందుకు పోయిందో, ఎన్ని ముక్కలు పంపినా తేలలేదు. కత్తక్క చీటీ మీద 'కారణం తెలియదు' అని రాసి, సీసా అలమరలో పెట్టి, బల్ల కడగడానికి నీళ్ల గొట్టం తీసింది.