ఎడమ మోకాలి వెనక గ్రంథి

పీలమేడులో నేను పరిశోధన చేసిన కాలేజీలో చిట్టెలుకలకు ఏసీ, మాకు ఫ్యాను. ఫిర్యాదు కాదు. వాటి ఉద్యోగం మాకంటే కష్టం.

ఎలుక కుడి పాదంలోకి వేరే వంగడం ఎలుక కణాలు ఎక్కిస్తాను, ఎడమ పాదంలోకి సొంత వంగడానివే. వారం తర్వాత రెండు మోకాళ్ళ వెనకా ఉన్న లింఫ్ గ్రంథులు తీసి తూస్తాను. పరాయి కణాలను గుర్తుపట్టి కుడిది ఉబ్బాలి. ఎడమది ఆవగింజంతే ఉండాలి. రెండేళ్ళు అలాగే ఉంది. థీసిస్‌కు ఆఖరి తూకాలు మిగిలాయనగా ఎడమదీ ఉబ్బింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఉబ్బింది.

సొంతవనుకున్న కణాలు సొంతవి కావన్నమాట. నేరుగా ఎలుకల గదికి వెళ్ళాను.

అక్కడి పెద్దాయన పోయినేడే చేరాడు. పెరియకుళం వైపు మనిషి, మాలాగే ఇంట్లో తెలుగు, బయట తమిళం. వంగడం చెడకుండా తోబుట్టువులనే జతకట్టించాలన్న నియమం తలుపు మీద ఇంగ్లీషులో అంటించి ఉంది. కింద ఆయన తమిళ సంతకం.

"మామా, జతలు ఎట్ల వేస్తా ఉండారు?"

"ఈ అర మొగదాన్ని ఆ అర ఆడదానికి." రెండు అరల్లోనివి రెండు వంగడాలు. రెండూ తెల్లవే.

"అన్నాచెల్లెల్ని వెయ్యమని చెప్పలేదా మీకు?"

"చెప్పినారు. చెప్తే? తోడబుట్టినదాన్ని కట్టబెట్టేదానికి మనసెట్ల వస్తుంది కణ్ణూ? పావం గదా. సంబంధం బయట చూసినా. పిల్లలు చూడు, ఎంత పుష్టిగా ఉండాయో!"

నాకు కొంచెం కోపం వచ్చిందనుకుంటాను. చేతిలోని పంజరం మూత వంగిపోయింది.

"ఎవుర్ని అడిగి చేసినారు?"

"ఏడాదిగా గుడ్ మార్నింగ్ తప్ప ఏమన్నా మాట్లాడినావా, నిన్ను అడిగేదానికి?"

ఏడాదిగా పలకరించని మాట నిజమే. నా మీద వచ్చిన కోపమూ ఆయన మీది కోపంలో కలిసింది.

సంగతి చెబితే మా గైడు మాత్రం గొంతు పెంచలేదు. "ఎడమకాలు ఒదిలెయ్యమ్మా. కుడిది మాత్రం రాయి. ఆయన మీద కంప్లైంట్ ఒకటి ఇయ్యి, పంపించేద్దాం."

"ఎడమకాలు లేని ఎలుకలు ఎన్నున్నాయి సార్ మన దగ్గర?"

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. ఏడాదిలో ఒక్కసారీ ఆ గది గడప తొక్కకుండా, నెలనెలా తనిఖీ చేశానని రిజిస్టరులో సంతకం పెట్టిన మనిషి, ఎవరిని పంపించాలో నాకు చెబుతున్నాడు!

ఎడమ తూకాలన్నీ రిపోర్టులో రాశాను. వంగడాలు కలిశాయనీ, నియమానికి కారణం చెప్పకుండా దాన్ని పెద్దాయన చదవలేని భాషలో అంటించామనీ, తనిఖీ జరగలేదనీ రాశాను. గైడు దాని మీద సంతకం పెట్టలేదు. థీసిస్ మళ్ళీ మొదటికి వచ్చింది.

కొత్త ఎలుకలు వచ్చి, ఈని, పిల్లలు ఎదిగాక, తలుపు మీది కాగితం చించి, కారణమంతా పెద్దాయనకు ఇంటి తెలుగులో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఒప్పుకోలేదు.

"పంజరం నేను పట్టుకుంటా. లోపల వేసేది నువ్వే," అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అన్న ఉన్న పంజరంలోకి చెల్లెల్ని నేనే వదిలాను.