గొర్రెలమ్మి తెచ్చిన గ్రైండర్

ధర్మేందర్‌ది అనుమానపు పుట్టుక. పాలల్లో నీళ్లు, తూకంలో మోసం, పక్క షాపువాడి నవ్వు వెనక ఏడుపు, అన్నీ అతనికి ముందే కనిపిస్తాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లులకు పోయే రోడ్డు మీద అతనిది వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. ఇంత అనుమానపు మనిషీ ఒక్కదాన్ని మాత్రం గుడ్డిగా నమ్మాడు. అది ఇనుము కోసే గ్రైండర్.

మామూలుది కాదు. తన వాటాకు వచ్చిన గొర్రెలన్నిటినీ అమ్మి, హైదరాబాద్ పోయి తెచ్చిన విదేశీ సరుకు. ఆ రోజు తల్లి లక్ష్మీనర్సమ్మ అన్నం ముట్టలేదు. "జీవాలనమ్మి ఇనుపముక్క తెచ్చిండు నా కొడుకు" అని వాడకట్టంతా చెప్పుకుంది. ఇక అందులో తప్పుందని ఒప్పుకుంటే తల్లి ముందు ముక్కు నేలకు రాసినట్టే.

తప్పులు లేకనా? చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. "పవరున్నది గాబట్టే వేడి" అంటాడు. బరువుకు భుజం గుంజుతుంది. "బరువుంటెనే సరుకు" అంటాడు. కోసే చక్రం చేతికి తగలకుండా కాపుండే రేకు ఊరికే జారుతుంటే ఊడదీసి మూలన పడేశాడు. చెయ్యి తిరిగినోడికి రేకెందుకట. అన్నిటికన్నా చెడ్డది స్విచ్. వెనక్కి లాగితే ఒక్కోసారి ఆగినట్టే కనిపిస్తుంది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మళ్లీ లాగాలి. దానికీ జవాబుంది. "గుర్రం మంచిదైతే కళ్లెం గట్టిగనే పట్టాలె."

"పోనీ, పని కాంగనే ప్లగ్గన్న పీకరాదు?" అంది భార్య గీత.

"మాటిమాటికి పీకితే పిన్నులు లూజయితయ్. ఇది నీ మిక్సీ అనుకున్నవా?"

షాపులో తోడుగా పనిచేసేది గీత తమ్ముడు గోవర్ధన్. ఒక మధ్యాహ్నం అతను గేటు కోస్తుండగా కరెంటు పోయింది. స్విచ్ ఆపి చాయ్‌కు పోయాడు. కరెంటు వచ్చేసరికి గ్రైండర్ తనంతట తనే తిరిగి, బల్ల మీద నుంచి ఎగిరి, పక్కనున్న కొత్త తలుపుకు అడ్డంగా గాటు పెట్టింది. ఇంకెవరైనా అయితే మెషిన్‌ను తిట్టేవాళ్లు. ధర్మేందర్ బామ్మర్దిని అనుమానించాడు. ఆపకుండా పోయాడా, కావాలనే వదిలాడా? మెషిన్‌కు చెడ్డపేరు తెమ్మని పక్క షాపు ధనుంజయ్ గాని ఎక్కించాడా? ఇద్దరూ కలిసి చాయ్ తాగడం తను చూడలేదా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు సగం కోతలో మళ్లీ కరెంటు పోయింది. ధర్మేందర్ కళ్ల ముందే గోవర్ధన్ స్విచ్ వెనక్కి లాగి, గ్రైండర్‌ను బల్ల మీద పెట్టాడు.

"ఆపినవా?"

"ఆపిన బావా."

"నిన్న గూడ గట్లనే అన్నవ్. ఒట్టు పెట్టు."

వాళ్ల గొర్రెల కాపరుల్లో తగువొస్తే కాపరి తన కర్ర పట్టుకుని, తమ కులదైవం గట్టు మీది లింగమంతుల స్వామి పేరు చెప్పాలి. కర్ర అన్నం పెడుతుంది కదా, దాని మీద అబద్ధమాడరు. ఈ షాపులో అన్నం పెట్టేది గ్రైండరే. గోవర్ధన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. రేకు లేని చక్రం పక్కనే, మెషిన్ తల మీద చెయ్యి వేశాడు.

"లింగమంతుల సామి మీద ఒట్టు, నేను ఆపి..."

కరెంటు వచ్చింది. పైన ఫ్యానుతో పాటు కింద చక్రమూ తిరిగింది.

దవాఖానలో డాక్టర్ అరచేతికి కుట్లు వేస్తూ ఎట్లా అయిందని అడిగాడు. గీత తలుపు దగ్గర నిలబడి మొగుడి వైపే చూస్తోంది.

"మిషన్ మంచిదే సార్..." అలవాటుగా వచ్చేసింది ధర్మేందర్ నోట.

గోవర్ధన్ బావ ముఖం చూడకుండా అందుకున్నాడు. "నాదే తప్పు సార్. స్విచ్ ఆపిననుకున్న. ఆపలే."

ఆ ఒక్క మాట కోసమే ధర్మేందర్ నిన్నటి నుంచి అతని ప్రాణం తోడేశాడు. ఇప్పుడు అడగకుండానే దొరికింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అబద్ధం సార్" అన్నాడు చివరికి. "వాడు ఆపిండు. నేను సూసిన."