గడ్డం కింద ప్రజాభిప్రాయం

ప్రపంచ ప్రజాస్వామ్య చరిత్రలో కీలక ఘట్టాలన్నీ ఆ క్షౌరశాలలో, కత్తి గొంతు మీదికి వచ్చాకే జరిగేవి. యజమాని, కుర్చీలో కూర్చున్నవాడి ముక్కు కొన రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకుని మెత్తగా అడిగేవాడు: “లోకమంతటికీ ఒకే ప్రభుత్వం, మనిషికో ఓటు. ఉండాలంటారా, వద్దంటారా?” నురగలోంచి “ఊఁ” అని వినిపించేది. వద్దన్నవాడు ఇంతవరకు లేడు. మొన్న రెండో కుర్చీ దగ్గర పనిచేసే బావమరిది తన గడ్డం గీయించుకుంటూ, కత్తి పక్కకు వెళ్లేదాకా ఓపిక పట్టాడు. “వద్దు బావా. ముందు మన రెండు కుర్చీలకు ఓటు పెట్టు. ఉన్న ఒక్క ఫ్యానూ నీ కుర్చీ మీదే. ఉక్కకు తాళలేక నా బేరాలన్నీ నీ దగ్గరికే వస్తున్నాయి.” యజమాని కత్తిని తోలుపట్టీ మీద తాపీగా నూరుతూ ఆలోచించాడు. “నిజమేరా. గడ్డం ఎత్తు, ఇంకో పక్క మిగిలింది. ఇప్పుడు చెప్పు, ఉండాలా, వద్దా?” “ఊఁ” అన్నాడు బావమరిది. ఫ్యాను యజమాని కుర్చీ మీదే తిరుగుతోంది.