డ్యూక్ ఐదు నెలల ఉపవాసం

మా ఇంట్లో ఐస్‌క్రీం ఫ్రీజర్ పై అరలో ఉంటుంది. కింది అర తెరిచారో, ఇక మీ ఖర్మ. సంచికొకటి చొప్పున గడ్డకట్టిన ఎలుకలుంటాయి. అవి నా స్నేహితురాలు వెర్నెల్‌వి. టొలీడోలో ఒక బడి వంటింట్లో మేమిద్దరం ముప్పయ్యేళ్లు పనిచేశాం. రిటైరయ్యాక అద్దె కలిసొస్తుందని ఒకే ఇంట్లో చేరాం. వెర్నెల్‌తోపాటు దాని కొండచిలువ కూడా వస్తుందని నాకు తెలుసు. తెలిసీ ఒప్పుకున్నా, బుద్ధిలేక.

ఆ పాము పేరు డ్యూక్. వెర్నెల్ పద్దెనిమిదేళ్లుగా పెంచుతోంది, వాడంటే దానికి ప్రాణం. శనివారం వాడికి భోజనం. శుక్రవారమే ఎలుకను ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి దించుతుంది. మర్నాడు సంచితో సహా వేడినీళ్లలో పెడుతుంది, బొచ్చు తడవకూడదట. ఆఖరున జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఎలుక తలకాయ వేడిచేస్తుంది. వేడి తగిలితేనే పాము దాన్ని బతికున్న ఎలుక అనుకుంటుందట. ఒకసారి తొందరపడి మైక్రోవేవ్‌లో పెట్టింది. ఢామ్మని పేలింది. ఆ మైక్రోవేవ్ నాది.

ఈ చలికాలం డ్యూక్ తిండి మానేశాడు. ఒక వారం కాదు, ఐదు నెలలు. ఈ జాతి పాములు అప్పుడప్పుడూ అలా మానేస్తాయి, అది మాకు కొత్తేం కాదు. కానీ ఈసారి వెన్నెముక పైకి తేలింది. ఈ శనివారం కూడా తినకపోతే గొంతులోకి గొట్టం వేసి తిండి పంపాలన్నాడు డాక్టరు. అంత నీరసపడ్డ ప్రాణం తట్టుకుంటుందో లేదో చెప్పలేనన్నాడు. ఆ వారమంతా వెర్నెల్ కూడా సరిగా ఎంగిలిపడలేదు.

“వాడు మానేస్తే నీకేం రోగమే?” అన్నాను.

“నువ్వు పెంచుంటే తెలిసేది,” అంది.

శనివారం మధ్యాహ్నం నేను డ్యూక్ ఉండే గది గుమ్మం బయటే నిలబడ్డాను. ఆ గదిలో అడుగుపెట్టనని మొదటిరోజే చెప్పేశాను. వెర్నెల్ ఎలుకను వేడిచేసి, పటకారుతో పట్టుకుని, వాడి గాజుపెట్టె ముందు కూర్చుని బతిమాలడం మొదలుపెట్టింది.

“ఒక్కసారి ఇటు చూడరా నాయనా. కాస్త తినరా, మా బంగారం కదూ.”

పావుగంట గడిచింది. విసుగొచ్చి పటకారు పక్కన పడేసి, ఎలుకను చేత్తోనే పట్టుకుంది. ఎలుక ఎప్పుడో చల్లారిపోయింది. పెట్టెలో వెచ్చగా ఉన్నది ఇక వెర్నెల్ చెయ్యే. డ్యూక్ లటుక్కున తల విసిరి, దాని బొటనవేలి పక్కన కరిచి వదిలాడు.

నేను తువ్వాలు పట్టుకుని లోపలికి పరిగెత్తాను. విషం లేదుగానీ పళ్లు సూదులే, రక్తం బొటబొటా కారుతోంది. తీరా చూస్తే వెర్నెల్ నవ్వుతోంది.

“కరిచాడే మార్వా. చూశావా, కరిచాడు.”

“చూశాను. నీకు మతిపోయింది.”

“వాడికి ఆకలేస్తోందే. ఆ ఎలుకను మళ్లీ వేడిచెయ్యి, తొందరగా. నా చేతికన్నా వేడిగా ఉండాలి.”

“నేనా?”

“మరి నా చేతినిండా రక్తం. నీ రెండు చేతులూ బాగానే ఉన్నాయిగా?”

తిట్టుకుంటూనే డ్రయ్యర్ అందుకున్నాను. ఎలుకను పటకారుతో పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పెట్టెలోకి చాపాను. నా చెయ్యి వణికితే ఎలుకా కదిలింది. మనసులో మాత్రం ఒకటే మాట. తినరా వెధవా, నువ్వు పోతే ఇది బతకదు.

పటకారు ఒక్క గుంజు గుంజినట్టయింది. కళ్లు తెరిచేసరికి డ్యూక్ ఎలుకను చుట్టేసి బిగిస్తున్నాడు.

ఇద్దరం నేలమీదే చతికిలబడి చూశాం. తల దగ్గర మొదలుపెట్టి, తాపీగా తోకదాకా మింగాడు.

“పద్దెనిమిదేళ్లు నేను మేపితే, చివరికి నీ చేత్తో పెడితే తిన్నాడు. విశ్వాసం లేని వెధవ,” అంటూ వెర్నెల్ భోరున ఏడ్చేసింది.

“తిన్నాడు కదే, ఇంకెందుకు ఏడుపు?” అని కసిరాను. నాకూ కళ్లలో నీళ్లు నిండాయి. దానికి కనబడకుండా అటు తిరిగి డ్రయ్యర్ వైరు చుట్టడం మొదలుపెట్టాను.